నమ్మకస్తుల వరుస

ఫోన్ స్పీకర్‌లో అదే పాట మూడోసారి మొదలైంది. మధ్యమధ్య ఒక ఆడగొంతు, మీ కాల్ మాకు ముఖ్యం, లైన్లోనే ఉండండి అని మర్యాదగా చెబుతోంది.

ఆస్ట్రేలియాలో, పాయింట్ కుక్‌లోని ఆ వంటింట్లో లైన్లో ఉన్నది రామ్‌నారాయణ్ ఒక్కరే కాదు. చల్లారిన టీ ముందు కదలకుండా కూర్చున్న కొడుకు రవ్నీల్, సింకు దగ్గర కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్న భార్య శీల, లాప్‌టాప్ మూసి చేతులు ఒళ్ళో పెట్టుకున్న కోడలు భానుశ్రీ, అందరూ అవతలి మనిషి కోసమే చూస్తున్నారు. ఆ మనిషి రాకూడదని కోరుకుంటున్నవాడు రవ్నీల్ ఒక్కడే.

"ఏటి ప్రాసెసింగ్?" అన్నారు రామ్‌నారాయణ్, ఎవరి వంకా చూడకుండా. "ఇద్దరూ ఒకే రోజు అప్లికేషన్ పెట్టారు. కోడలి కార్డు నాలుగు నెలల్లో వచ్చింది. నీది ఏడు నెలలైనా రాదేటి? ఇవాళ వాళ్ళనే అడిగేస్తాను."

ఆయన పుట్టింది ఫిజీలో. తాత విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లోకి మోసుకెళ్ళిన తెలుగే మూడు తరాలు దాటి, సముద్రాలు దాటి, ఆ 'ఏటి'తో సహా చెక్కుచెదరకుండా ఈ ఇంటికి చేరింది. కోపం వచ్చినప్పుడు మాత్రమే ఆయన పూర్తిగా తెలుగులో మాట్లాడతారని భానుశ్రీకి ఈ ఆరేళ్ళలో తెలిసింది.

ఆయన అడుగుతున్నది ఏపెక్ కార్డు గురించి. ఆసియా పసిఫిక్ దేశాల మధ్య వ్యాపారం మీద తరచూ తిరిగేవాళ్ళకి ఇచ్చే కార్డు అది. ఒక్కో దేశమూ మనిషి పూర్వాపరాలు విచారించి సరేనన్నాకే ఆ దేశం పేరు కార్డు మీదకి ఎక్కుతుంది. ఎక్కిందంటే అక్కడ వీసా అడగరు, విమానం దిగాక పెద్ద వరుసలో నిలబెట్టరు. రామ్‌నారాయణ్ దాన్ని నమ్మకస్తుల కార్డు అంటారు. కొడుకు చేతికి అదొస్తే తన ముప్పై ఏళ్ళ ద్రాక్ష ఎగుమతి వ్యాపారం వాడి చేతికి వచ్చినట్టేనని ఆయన లెక్క. కోడలి పేరు కూడా పెట్టింది రవ్నీల్ సలహా మీదే. ఎగుమతి కాగితాలన్నీ చూసేది ఆమే కాబట్టి పెట్టారు తప్ప, ఆమె ఎప్పుడో ప్రయాణం కడుతుందని ఎవరూ అనుకోలేదు. కార్డు వచ్చినరోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భద్రంగా దాచుకోమని చెప్పి ఊరుకున్నారు.

ఇప్పుడు పీకలమీదకి వచ్చింది. హోచిమిన్ సిటీకి పంపిన రెండు కంటైనర్ల ఎర్ర ద్రాక్షలో సగానికి సగం కుళ్ళిపోయిందని అక్కడి కంపెనీ మేనేజరు ఆదివారం ఈమెయిలు పెట్టాడు. బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి తమ యార్డులో తనిఖీ, మీ తరఫున మనిషి రాకపోతే మా రిపోర్టే ఆఖరు అన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి అక్కడ వరసగా జాతీయ సెలవులు. ఆన్‌లైన్ వీసా రావాలంటే మూడు పనిరోజులు. ఇవాళ సోమవారం. రామ్‌నారాయణ్ సొంత కార్డు గడువు కిందటేడే తీరిపోయింది, కొడుక్కి వస్తుంది కదా అని ఆయన కొత్తదానికి పెట్టలేదు.

రాబిన్‌వేల్‌లో తొమ్మిది కుటుంబాల రైతులు ఈ కంపెనీని నమ్మి పంట కోసి ఇచ్చారు. రామ్‌నారాయణ్ సరుకు కుళ్ళుదన్న మాట ఒక్క రేవులో పుడితే చాలు, వారం తిరిగేలోగా అన్ని రేవులకీ పాకుతుంది.

పాట ఆగింది. అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. రవ్నీల్ చెయ్యి చాచి, ఫోన్ మీద ఎర్ర గుర్తు నొక్కేశాడు.

"వాళ్ళు చెప్పేది నేనే చెప్తా, డాడ్."

రవ్నీల్ తెలుగు పెళ్ళయ్యాక నేర్చుకున్నది. కష్టమైన మాట వస్తే ఇంగ్లీషులోకి జారిపోతాడు. ఈసారి జారలేదు.

"నాకు కార్డు రాదు. రిజెక్ట్ చేశారు, డిసెంబర్‌లోనే. నా మీద కోర్టులో కన్విక్షన్ ఉంది."

ఆ తర్వాతది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఏడేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, స్నేహితుడి పార్టీ నుంచి తాగి కారు నడుపుతూ పోలీసులకి దొరికాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోర్టు పది నెలలు లైసెన్సు తీసేసింది. ఆ పది నెలలూ రైల్లో తిరిగింది పర్యావరణం కోసమని ఇంట్లో చెప్పాడు. రామ్‌నారాయణ్ ఆ సంగతి హోల్‌సేల్ మార్కెట్లో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నారు కూడా.

ఆయన అరుస్తారని భానుశ్రీ అనుకుంది. అరవలేదు. మెల్లగా ఆమె వైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"పోయిన వారం తెలిసింది, మామయ్యా. కారు అరలో లెటర్ కనపడింది."

"నాతో అనలేదేం?"

"మీరు అడగలేదు. అడిగుంటే దాచేదాన్ని కాదు. కానీ చెప్పాల్సింది తను కదా."

శీల కుళాయి కట్టేసింది.

"ఇన్ని దేశాలు కలిసి," అన్నారు రామ్‌నారాయణ్, "నా కొడుకుని నమ్మలేమన్నాయి." ఆ మాట ఎవరికో కాదు, బల్లకి చెప్పినట్టు చెప్పారు.

రవ్నీల్ తలకొట్టేసినట్టు కూర్చున్నాడు. భానుశ్రీకి అతని మీద జాలేసింది. జాలి వెనకే కోపం వచ్చింది. ఈ మూడు నెలలూ అతని కార్డు గురించి మావగారు ఎత్తిపొడిచిన ప్రతిసారీ, ఆడవాళ్ళ ఫైలు చిన్నది కాబట్టి తొందరగా తేలిందని అతనే నవ్వేవాడు.

శీల చీరచెంగుకి చేతులు తుడుచుకుని వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. ఆవిడది ఫిజీ హిందీ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. అసలు వ్యాపారం మాట వచ్చినప్పుడు ఆవిడ ఏ భాషలోనూ మాట్లాడదు.

"బహూ జాయీ," అంది.

కోడలు వెళ్తుంది. అంతే. సలహాలా అనలేదు, రేపు మంగళవారం అన్నట్టు అంది.

రామ్‌నారాయణ్ వద్దనడానికి చాలా కారణాలు చెప్పారు. ఆ మేనేజరు మహా గడుసు. ఆ యార్డుల్లో అందరూ మగవాళ్ళు. భానుశ్రీ ఎన్నడూ ఒక్కర్తే బేరానికి కూర్చోలేదు. కాగితాలు రాయడం వేరు, పండు చూసి చెప్పడం వేరు. ఆ కన్ను తనకి రావడానికే ముప్పై ఏళ్ళు పట్టింది. శీల ఆయన మాటలు అయిపోయేదాకా ఊరికే చూస్తూ కూర్చుంది.

భానుశ్రీ గొంతు సవరించుకుంది.

"పండు గురించి నాకు మీకన్నా ఎక్కువ తెలీదు, మామయ్యా. చలి గురించి తెలుసు."

ఆమె తండ్రి చలపతి ఖమ్మంలో మిర్చి నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. బడి సెలవుల్లో ఆమె ఆ గదుల బయట కూర్చుని, గంటగంటకీ ఉష్ణోగ్రత పుస్తకంలో ఎక్కించేది. సరుకు అబద్ధమాడుతుంది గానీ చలి ఆడదు తల్లీ అనేవాడు ఆయన. ఇక్కడి యూనివర్సిటీలో చదివిన రెండేళ్ళ చదువూ ఆ ఒక్క మాటకి వివరణలా ఉండేది ఆమెకి.

రామ్‌నారాయణ్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. కిటికీలోంచి చూస్తే, మిరప మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. పొద్దున్న ఒకసారి పోసినవే. లోపలికి వచ్చేసరికి భానుశ్రీ టికెట్ చూస్తోంది.

"తలుపు దగ్గర పెట్టెలే చూపిస్తారు," అన్నారు గుమ్మంలో నిలబడి. "వెనకవి చూడు."

దీవెన కాదది. అయినా ఆయన తన మార్కెట్ కిటుకు ఇంకొకరికి చెప్పడం ఆమె అంతవరకు వినలేదు.

*

మంగళవారం ఎయిర్‌పోర్టుకి రవ్నీల్ దిగబెట్టాడు. రింగ్ రోడ్డు మీద లారీల వెనక కారు ఆగుతూ కదులుతూ పోతోంది. ఇరవై నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. సన్‌షైన్ పేట దాటాక అతనే మొదలుపెట్టాడు.

"నీకో మాట చెప్పాలి. చెప్తే అసహ్యించుకుంటావు."

"చెప్పు."

"నువ్వు గెలవాలి, ఐ నో. మన ఇల్లు, రైతులు, అన్నీ దాని మీదే ఉన్నాయి." స్టీరింగ్ మీద వేళ్ళు బిగించాడు. "కానీ లోపల ఎక్కడో, నువ్వు ఓడిపోతే బాగుండు అనిపిస్తోంది. అప్పుడు మనిద్దరం సమానం అవుతాం."

భానుశ్రీ కిటికీ బయటికి చూసింది. అద్దం మీద తన మొహమే కనపడింది. ఆ మాట అబద్ధమై ఉంటే తిట్టి ఉండేది.

టెర్మినల్ ముందు కారు ఆగింది. ఆమె దిగి, పెట్టె తీసుకుని, కిటికీ దగ్గరకి వంగింది.

"కోర్టు సంగతి ఏడేళ్ళు దాచావు. ఇది ఒక్కరోజు కూడా దాచలేదు. నయమే, రవీ."

వెనక కారు హారన్ కొట్టింది. అతను ఏదో అనబోయాడు. పోలీసు చెయ్యి ఊపడంతో కదిలిపోవాల్సి వచ్చింది.

*

తెల్లారేసరికి దిగాల్సిన విమానం మూడు గంటలు ఆలస్యమైంది. హోచిమిన్ సిటీలో దిగి ఇమిగ్రేషన్ హాల్లోకి వచ్చేసరికి ఏడూ యాభై.

హాలు చూసి భానుశ్రీ ఆగిపోయింది. సెలవులకి ఇళ్ళకి వస్తున్నవాళ్ళు, వాళ్ళతోపాటు విహారానికి వచ్చినవాళ్ళు, నాలుగైదు విమానాల జనం ఒకేసారి కమ్ముకున్నారు. తాళ్ళ మధ్య వరస మెలికలు తిరిగి మెట్ల దాకా వచ్చింది. పిల్లలు పెట్టెల మీద నిద్రపోతున్నారు. రెండు గంటలకి తక్కువ కాదని ముందున్నాయన ఎవరితోనో ఫోన్లో చెబుతున్నాడు. ఇక్కణ్ణించి యార్డుకి గంట దారి.

ఆమె తలలు తప్పించుకుంటూ గోడవారగా నడిచింది. చివరి కౌంటరు పైన నీలం బోర్డు మీద ఏపెక్ అని కనిపించింది. అక్కడ నలుగురే ఉన్నారు. నలుగురూ సూట్లు వేసుకున్న మగవాళ్ళు. ఆమె వెళ్ళి అయిదో మనిషిగా నిలబడింది.

తాళ్ళ దగ్గర కాపలా ఉన్న అమ్మాయి గబగబా వచ్చి, ఈ వరస మీది కాదు, అటు వెళ్ళండని సైగ చేసింది. భానుశ్రీ కార్డు చూపించింది. ఆ అమ్మాయి కార్డు చూసి, ఆమె మొహం చూసి, ఒక అడుగు వెనక్కి వేసి తాడు కొక్కెం తానే తీసింది.

కౌంటరులో అధికారి పాస్‌పోర్టు, కార్డు పక్కపక్కన పెట్టాడు. వెనక వైపు దేశాల పేర్ల మీద వేలు నడిపి ఒకచోట ఆపాడు. తమ దేశం పేరు అక్కడుంది. ఏం పని మీద వచ్చారన్నాడు.

"ద్రాక్ష చూడ్డానికి," అంది ఇంగ్లీషులో.

అతను నవ్వి ముద్ర కొట్టాడు. ఆరు నిమిషాలైంది, అంతే. బయటికి వెళ్ళే తలుపులు తెరుచుకుంటే వేడిగాలి మొహానికి కొట్టింది. ఎన్నడూ ఎరగని మనుషులు ఎక్కడో కూర్చుని తన గురించి విచారించి, ఈమె మాట నమ్మవచ్చు అని రాశారు. ఇంట్లోవాళ్ళు ఆరేళ్ళుగా అనని మాట అది. టాక్సీ కోసం పరిగెత్తుతూ, తాను నవ్వుతున్నానని ఆమెకి ఆలస్యంగా తెలిసింది.

*

యార్డు గేటు దగ్గర పుస్తకంలో కంపెనీ పేరు రాయమన్నారు. రామ్‌నారాయణ్ అండ్ సన్ అని రాసింది. కాపలావాడు దాన్ని చదివి, ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరని చెప్పి, ఆ పేరు కింద తన పేరు రాసింది.

మేనేజరు పేరు క్వాంగ్. ఆమెని చూసి అతను దాచుకోలేనంత ఆశ్చర్యపోయాడు. వీసా ఎలా దొరికిందని అడిగాడు. అవసరం పడలేదని చెప్పింది. అప్పుడే ఆమెకి అర్థమైంది. సెలవుల ముందురోజు తనిఖీ పెట్టింది ఎవరూ రాలేరనే, తమ రిపోర్టు చూపి డబ్బు ఎగ్గొట్టవచ్చనే.

ఇరుపక్షాల తరఫునా సరుకు పరీక్షించే సర్వేయరు, నెరిసిన జుట్టు పెద్దమనిషి, మొదటి కంటైనర్ తలుపులు తీయించాడు. తలుపు దగ్గర పెట్టెలు నిజంగానే చూడలేకుండా ఉన్నాయి. ద్రాక్ష గుత్తుల మీద బూజు, కింద రసం కారి అంటుకుపోయిన అట్టలు. క్వాంగ్ ఫోటోలు తీయిస్తూ, ఇక చూడ్డానికేం లేదు, సంతకాలు చేద్దామన్నాడు.

"వెనకవి దింపండి," అంది భానుశ్రీ.

సెలవులు, మనుషులు లేరు, ఫోర్క్‌లిఫ్ట్ పని చెయ్యడం లేదు, ఒక్కొక్కటీ చెప్పాడు. ఆమె విని, చేతులకి గ్లవుజులు తొడుక్కుని, మొదటి పెట్టె తానే ఎత్తి కింద పెట్టింది. రెండోది ఎత్తింది. పదో పెట్టె దాకా అందరూ చూస్తూ నిలబడ్డారు. పదకొండోది సర్వేయరు అందుకున్నాడు. దాంతో కూలీలు నలుగురు ముందుకొచ్చారు. ఫోర్క్‌లిఫ్ట్ కూడా బాగుపడింది.

గంట పట్టింది. మధ్యకి వెళ్ళేకొద్దీ ద్రాక్ష గట్టిగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆఖరి వరసలో, పెట్టెల మధ్య, అరచేతిలో పట్టేంత తెల్ల పరికరం దొరికింది. సరుకు ఎక్కించేటప్పుడు కంటైనర్లో చలి ఎంతుందో దారి పొడుగునా నమోదు చేయడానికి రెండు పెడతారు. తలుపు దగ్గరది కనపడలేదు. అది ఎలా పోయిందో క్వాంగ్‌కి తెలియదట. లోపలిది తీయడం ఎవరికీ కుదరలేదు.

సర్వేయరు లాప్‌టాప్‌కి తగిలించాడు. తెర మీద గీత కనిపించింది. సముద్రం మీద పద్దెనిమిది రోజులు, సున్నా దగ్గర, దారంలా తిన్నగా ఉంది. పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఒకటికి లేచింది. పద్దెనిమిది డిగ్రీల దాకా ఎక్కి, పదకొండు గంటలు అక్కడే ఉండి, మళ్ళీ దిగింది. లోపలే అంత ఎక్కితే తలుపు దగ్గర ఇంకెంత ఎక్కిందో.

"ఈ కంటైనర్ రేవు నుంచి మీ యార్డుకి ఎప్పుడొచ్చింది?" అంది భానుశ్రీ.

క్వాంగ్ ఫోన్ తీసి ఏదో వెతకసాగాడు.

"గేటు పుస్తకంలో ఉంటుంది. నేను ఇందాక సంతకం పెట్టిన పుస్తకమే."

సర్వేయరు మనిషిని పంపి తెప్పించాడు. గురువారం సాయంత్రం, అయిదూ పది. శుక్రవారం కంటైనర్‌కి కరెంటు తీసేసింది ఇక్కడే, ఈ యార్డులోనే. రెండో కంటైనర్‌కి తీయలేదు. దాన్ని తెరిస్తే ఒక్క గింజ చెడలేదు. తలుపు దగ్గరి గుత్తిలోంచి ఒకటి తుంచి నోట్లో వేసుకుని, సర్వేయరు తల ఊపాడు. తోటలోంచి నిన్న కోసినట్టుందన్నాడు. రిపోర్టు అక్కడే రాశాడు. పంపినవారి తప్పు ఏమాత్రమూ లేదన్న వాక్యం కింద అతను, ఆమె, వేరే దారి లేక క్వాంగ్ సంతకాలు చేశారు.

ఆ సమయానికి యార్డులోకి నల్ల కారు వచ్చి ఆగింది. అరవై దాటిన సన్నటి ఆవిడ దిగింది. కంపెనీ యజమానురాలు మదాం హాన్. పెట్టెలు దింపిన ఆస్ట్రేలియా అమ్మాయి సంగతి ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. ఆవిడ రిపోర్టు నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. క్వాంగ్‌తో తమ భాషలో ఒక చిన్న మాట అడిగింది. అతను తల దించుకున్నాడు. ఆవిడ భానుశ్రీ రసం మరకల చేతుల వంక, చెదిరిన జుట్టు వంక చూసి, నమస్కారంలా తల వంచింది. నెంబర్లు ఇచ్చిపుచ్చుకుని, నాకో గంట టైమివ్వండి, నేనే ఫోన్ చేస్తానని వెళ్ళిపోయింది.

*

యార్డు ఎదురుగా కాఫీ కొట్టు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, భానుశ్రీ ఇంటికి ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల స్పీకర్ ఆన్‌లో ఉందని శీల ఊపిరి పీల్చిన చప్పుడుతో తెలిసింది. రవ్నీల్ గొంతు కూడా వినపడింది.

"బాగా చేశావ్, భానూ," అన్నాడు. కాస్త ఆగి, "నిన్న చెప్పిన ఆ ఫీలింగ్, ఇప్పుడు లేదు. కొంచెమే ఉంది," అన్నాడు.

ఆమె నవ్వేసింది. ఒళ్ళంతా నెప్పులు, వేళ్ళకి అంటుకున్న తీపి, నెత్తిన ఎండ, ఏదీ బరువుగా లేదు.

ఫోన్ చేతులు మారింది. రామ్‌నారాయణ్ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. ఆయన ఏడుస్తున్నారేమో అనిపించింది. ఆయన కళ్ళు చెమర్చడం కూడా ఆమె ఎన్నడూ చూడలేదు.

"రాబిన్‌వేల్ రైతులందరికీ ఇప్పుడే నేను ఫోన్ చేసి చెప్తాను," అన్నారు. "మా కోడలు వెళ్ళి గెలిచిందని చెప్తాను. ఆ మాటే చెప్తాను."

ఆమె ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"ఇంకో సంగతమ్మా. ఆ కంపెనీకే ఇంకా అయిదు కంటైనర్లు సముద్రం మీదున్నాయి. శనివారానికి చేరతాయి. వెనక్కి తిప్పాలా, వేరేవాళ్ళకి అమ్మాలా, వాళ్ళకే ఇవ్వాలా, ఇవాళే ఓడ కంపెనీకి చెప్పాలి." ఆయన కాస్త గొంతు తగ్గించారు. "ఏటి చేద్దాం, భానూ?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమెని అంతవరకు ఎవరూ అడగలేదు. జవాబు ఆమె నాలుక చివర ఉంది. ఈ కంపెనీకి ఇక ఒక్క పెట్టె కూడా వద్దు అనబోయింది.

ఫోన్ చెవి దగ్గర అదిరింది. ఇంకో కాల్. తెర మీద మదాం హాన్ పేరు. చెప్పిన గంటకి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. ఆవిడకి అంత తొందరేమిటో, ఏం అడగబోతోందో వినకుండా జవాబు చెప్పడం తప్పని ఆమెకి ఎందుకో బలంగా అనిపించింది.

"మామయ్యా," అంది. "ఒక్క నిమిషం ఆగండి."

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన్ని ఆమె ఆగమనడం అదే మొదటిసారి.

ఆయన ఆగారు.